ఏరినది: రాంచందర్

ఆవగింజంత నత్తకు పేరు పెట్టించబోయి మొగుణ్ణి మింగేసిందని మా ఊళ్ళో నన్ను అంటారు. అననీ. ఊరి నోటికి మూకుడు వెయ్యలేం. కానీ వాళ్ళకు తెలిసింది సగమే. నత్తకు పేరు పెట్టబోయినందుకు కాదు ఆయన చచ్చిపోయింది, ఆయన పేరును నేను కాగితం మీద రాసినందుకు. నత్తల సారుతో పోట్లాడి, మా ఆయన వద్దంటున్నా వినకుండా, నా చేత్తో రాశాను. పోయినేడు తొలకరి నుంచి కొత్తల పండుగ దాకా మా ఇంట్లో జరిగిందంతా ఆ పోట్లాటతోనే మొదలైంది.

మాది సున్నం కాల్చే ఇల్లు. ఆవపల్లి నుంచి నడిస్తే మూడు గంటల దారి, ఊరి వెనకే సున్నపురాయి గుట్ట. నేను పుట్టింది సరిహద్దు అవతల, తెలుగు వైపు చర్ల దగ్గర. ఎనిమిదో తరగతి దాకా తెలుగు చదువుకుని, రాంచందర్‌ను చేసుకుని ఇటు వచ్చాను. మడిలో వరి పండినన్నాళ్ళు వరి, మిగతా రోజుల్లో సున్నం. తిని పారేసిన చెరువు నత్తల గుల్లలను పిడకల మధ్య పేర్చి కాల్చి, నీళ్ళు చల్లితే విచ్చుకుని పిండవుతుంది. పొగాకులో నలుపుకోవడానికి చుట్టుపక్కల ఊళ్ళన్నీ ఆ గుల్ల సున్నం మా దగ్గరే తీసుకునేవి. మాకు ఒక్కతే కూతురు, శిరీష. ఆవపల్లి హాస్టల్లో ఉండి పదో తరగతి చదువుతోంది.

తొలి వానలకు ఉమామహేష్ సారు మా వాకిట్లో తేలాడు. ఆయన బచేలి కంపెనీ క్వార్టర్లలో పుట్టి పెరిగిన మనిషి, వాళ్ళ నాన్న శ్రీకాకుళం నుంచి గని పనికి వచ్చాడట. ఇప్పుడు పెద్ద కాలేజీలో నత్తల మీద పరిశోధన చేస్తున్నానని చెప్పాడు. నత్తల మీద పరిశోధన ఏంది, మనిషికి వేరే పనే దొరకలేదా అని నేను నవ్వాను. మా ఆయన నవ్వలేదు. ఎవరినీ చూసి నవ్వే రకం కాదు ఆయన.

సారుకు కావలసింది చెరువు నత్త కాదు. గుట్ట మీద రాతి సందుల్లో, కుళ్ళిన ఆకుల కింద బతికే నత్త. పెద్దది ఆవగింజంత ఉంటుంది, చిన్నది నువ్వుగింజలో సగం. ఇరవై ఏళ్ళు ఆ గుట్ట కింద కాపురం చేశాను, అలాంటి ప్రాణి ఒకటుందని నాకు తెలియదు. మా ఆయనకు తెలుసు. రాయి తెచ్చేటప్పుడు అరచేతికి అంటుకునేవి అన్నాడు. ఇన్నేళ్ళలో ఒక్కసారీ నాతో అనలేదేమని అడిగితే, నువ్వు అడగలేదు కదే అన్నాడు.

సారు పద్ధతి ఏమిటంటే, గుట్ట మీది ఆకుచెత్తను సంచుల్లో తెచ్చి, ఆరబెట్టి, మూడు జల్లెళ్ళలో జల్లించి, మిగిలిన పొడిని భూతద్దం కింద పెట్టుకుని ఒక్కో గుల్లనూ పట్టకారుతో ఏరడం. పొద్దున కూర్చుంటే మధ్యాహ్నానికి పదకొండు ఏరాడు. చూసి చూసి నాకు ఒళ్ళు మండింది. ఆ పొడిని లాక్కుని, పేడతో అలికిన నా చేటలో పోసి, నువ్వులు చెరిగినట్టు నాలుగుసార్లు చెరిగాను. మట్టి వెనక్కి, బోలు గుల్లలు ముందుకు వచ్చాయి. కోడి ఈక కొసతో వాటిని పక్కకు లాగాను. అరగంటలో నూటికి పైన తేలాయి. ఈ పద్ధతి ఏ పుస్తకంలోనూ లేదండీ అన్నాడు సారు. ఆ పుస్తకాలు రాసినవాళ్ళు బియ్యం చెరిగి ఉండరు అన్నాను.

ఇక పోట్లాట. ఒక్కో చోటి గుల్లలు ఒక్కో చిన్న సీసాలో వేసి, అందులో ఒక చీటీ పెట్టాలి. ఏ చోట దొరికింది, ఏ రోజు, ఎవరు ఏరారు. చోటు పక్కన రెండు వరుసల అంకెలు కూడా. గుట్ట మీద పన్నెండు చోట్లకు ఆ అంకెలు సారే పట్టికగా రాసి ఇచ్చాడు. ఆకాశం నుంచి చూసినా ఆ బండ ఎక్కడుందో తప్పకుండా చెప్పే అంకెలట అవి. చీటీ లేని గుల్ల ఎంత వింతదైనా శాస్త్రానికి పనికిరాదు, మీ సున్నపు బట్టీకే పనికొస్తుంది అన్నాడు. మొదటిరోజు చీటీలు ఆయనే రాశాడు. నేను చేతిలోకి తీసుకుని చదివాను. ఏరినది అన్న చోట ఉమామహేష్ అని ఉంది.

"సారూ, బండల సందుల్ల బోర్లా పండుకొని ఏరింది మా ఆయన. మోచేతులు చెక్కుకపోయింది ఆయనకు. రాతల మీ పేరేంది?" అన్నాను.

సారు మొహం చిన్నబోయింది. నిజమే, పద్ధతి ప్రకారం ఏరిన మనిషి పేరే రాయాలి, మీకు ఇబ్బందేమోనని నా పేరు పెట్టాను అన్నాడు. మా ఆయన మోచేతికి పసుపు రాసుకుంటూ, "కందకు లేని దురద కత్తిపీటకెందుకే? నా పేరు లేకుంటే నాకేం తక్కువైతది?" అన్నాడు.

మా పక్కింటి ముసలాయన, కోస అని, ఆయన కూడా ఉన్నాడక్కడ. దొర్ల తెగ పెద్దమనిషి, నన్ను కోడలా అని పిలుస్తాడు. ఇక్కడ పేరు కాగితం ఎక్కితే ఏమవుతుందో చర్ల నుంచి వచ్చినదానివి నీకేం తెలుసు అన్నాడు. నాకు తెలియక కాదు. పోలీసు థానాలో ఒక జాబితా ఉంటుంది, లోపలివాళ్ళ దగ్గర ఇంకొకటి ఉంటుంది. అడవిలో తిరిగే దళం వాళ్ళను మేం లోపలివాళ్ళనే అంటాం. ఏ జాబితాలోనూ లేనివాడే ఇక్కడ పెద్దవాడయ్యేదాకా బతుకుతాడు. అన్నీ తెలిసే మొండికేశాను. రోడ్డు వేసినప్పుడు రాయి కొట్టింది మా ఆయన, పేరు మేస్త్రీది. బడి గోడకు సున్నం వేసింది మా ఆయన, పలక మీద పేరు సర్పంచిది. ఈ ఒక్క పనికైనా చేసినవాడి పేరు ఉండాలన్నాను. ఆ పాత చీటీలు చించి, నా చేత్తో కొత్తవి రాశాను. ఏరినది: రాంచందర్. రాసి, గెలిచినదానిలా ఆయన వైపు చూశాను. ఆయన తల వంచుకుని పసుపు రాసుకుంటున్నాడు.

సారు వెళ్ళిపోయాడు. నెలకోసారి ఆవపల్లిలో కలుస్తాను, వారం వారం ఏరి ఉంచండి అన్నాడు. మా ఆయన ఏరేవాడు, నేను చెరిగి కులాలు విడదీసేదాన్ని. నెల తిరిగేసరికి నాకు చూపు కుదిరింది. గుల్ల కొసను పైకి పెట్టి, నోరు మనవైపు తిప్పి చూడాలి. నోరు కుడి పక్కనుంటే కుడిచేతి వాటం, ఎడమ పక్కనుంటే పుర్రచేతి వాటం. నూటికి తొంభై కుడివే. తర్వాత చుట్లు లెక్కపెట్టాలి. అడుగున బొడ్డు తెరుచుకుని ఉందా పూడిందా, నోటి అంచు పలచనా మందమా, నోట్లో పళ్ళున్నాయా లేవా చూడాలి. పళ్ళంటే కొరికేవి కావు, పురుగులు దూరకుండా నోటికి అడ్డం పెరిగే గట్లు. పక్కపక్క బండల మీద బతికేవే వేరు వేరు కులాలై ఉంటాయి. చెప్పకేం, ఆ పని నాకు వరి కోత కన్నా నచ్చింది. నా జన్మలో నేను చూడగానే పోల్చుకోగలిగినవి, నాకన్నా చదువుకున్నవాళ్ళకు తెలియనివి అవే.

జూలై ఇరవై ఆరున ఊటబండ దగ్గరి చెత్తలో ఏడు గుల్లలు తేలాయి. గుట్ట నడుమున రాతి కింద ఊట ఉంటుంది, దాని మీది బండ అది. నువ్వుగింజలో సగం, తేనె రంగు. పుర్రచేతి వాటం. నోట్లో మూడు పళ్ళు, పైన రెండు, కింద ఒకటి. మిగతా పదకొండు చోట్లా ఇలాంటిది ఒక్కటీ రాలేదు. మా ఆయనదీ పుర్రచెయ్యే. "నీ కులపోడు దొరికిండయ్యా" అన్నాను. ఆయన భూతద్దంలో చాలాసేపు చూసి, నాకు మూడే పళ్ళున్నాయా అని నన్నే అడిగాడు. ఆ రోజు ఇద్దరం కడుపుబ్బ నవ్వుకున్నాం. అదే ఆఖరి నవ్వని తెలిస్తే ఇంకాస్త నవ్వేవాళ్ళం.

తర్వాతి సంతకు ఆవపల్లి పోయి సారుకు ఫోన్ చేసి చెప్పాను. ఇంతవరకు ఎవరూ పేరు పెట్టని జాతి కావచ్చు, ప్రాణంలా చూసుకోండి అన్నాడు. కొత్త జాతికి పేరు పెడితే ఆ పేరును ఒకే ఒక్క గుల్లకు కట్టి ఉంచుతారట. ఆ గుల్లనూ దాని చీటీనీ భద్రంగా దాస్తారట. నూరేళ్ళ తర్వాత ఎవరికి అనుమానం వచ్చినా దాన్నే తీసి చూస్తారట.

అప్పటికే ఆకాశంలో డ్రోనట, దాని కందిరీగ మోత మొదలైంది. రెండు రోజులు గుట్ట మీదే తిరిగింది. ఆగస్టు ఎనిమిదిన పొద్దున నేను వాకిలి ఊడుస్తుంటే తుపాకులు పేలాయి. మూడు గంటలసేపు ఆగకుండా పేలాయి. మధ్యాహ్నానికి బలగాలు గుట్ట దిగి ఊళ్ళోకి వచ్చాయి. శవాలు మోయడానికి మనుషులు కావాలన్నారు. నడుం లేవదని కోస అంటే తుపాకీ మడమతో మూతి మీద కొట్టారు. ముసలాయన పళ్ళు రెండు మా వాకిట్లో పడ్డాయి. మా ఆయన లేచి వాళ్ళ వెంట పోయాడు.

నాలుగు శవాలు. ఊటబండ చుట్టూ పడి ఉన్నాయట. నల్ల కవరులో చుట్టి, వాసాలకు కట్టి, ఒక్కోదాన్ని ఇద్దరు మోశారు. వాన కురుస్తూనే ఉంది. మా ఆయన మోసినది ఆడపిల్ల. కట్టు జారి ఒక చెయ్యి బయటికి వేలాడుతోంది, గోళ్ళకు గోరింటాకు ఉంది. వాననీళ్ళూ నెత్తురూ కలిసి ఆయన వీపు మీదుగా మడమల దాకా కారాయి. రోడ్డు దాకా మోసి, పొద్దు వాలేవేళకు తిరిగొచ్చాడు. వాగులో గంటసేపు ఒళ్ళు తోముకున్నాడు. అన్నం పెడితే కలిపి అలాగే వదిలేశాడు.

"ఆ పిల్ల బరువే లేదే" అన్నాడు.

తర్వాత రెండు వారాలు దారులన్నీ మూసేశారు. సీసాలు ఇరవై రెండయ్యాయి. అందులో ఆ ఏడు గుల్లల సీసా ఒకటి. దారి తెరిచారని తెలియగానే ఈ సంతకు సీసాల పెట్టె సారుకు అందించి రమ్మని మా ఆయనతో అన్నాను. కోస ఉబ్బిన మూతితోనే వచ్చి, వద్దు కోడలా, కొన్నాళ్ళు బట్టీలో పాతిపెట్టు అన్నాడు. తడికి బూజు పడితే గుల్లలు పాడైపోతాయని నా తొందర నాది. పోవా అని మా ఆయన్ను గదమాయించాను. ఆయన పెట్టెను తువ్వాలులో మూటగట్టి, పొద్దున ఆరింటికి బయల్దేరాడు.

పదింటికి దళం పిల్లలు ఇంటింటికీ వచ్చి, అందరూ ఇప్పచెట్ల కిందికి రావాలన్నారు. ఎందుకో ఎవరూ అడగలేదు. నేను చేతిలో చేట అలాగే పట్టుకుని పోయాను. మా ఆయన మోకాళ్ళ మీద ఉన్నాడు. చేతులు వెనక్కి కట్టేశారు. ఎడమ కన్ను అప్పటికే వాచి మూసుకుపోయింది. ఆయన ముందు దుప్పటి మీద సీసాలు వరసగా పెట్టి ఉన్నాయి.

ఎదురుగా నిలబడి ఉన్న ఆమె పేరు దేవే. నాకు కొత్త మనిషి కాదు. పక్క ఊరి పిల్ల, పదేళ్ళప్పుడు పొగాకులోకి సున్నం కోసం మా ఇంటికి వచ్చేది. దళంలోకి పోయాక అక్కడే తెలుగు చదవడం నేర్చింది. ఇప్పుడు ముప్పై ఏళ్ళుంటాయి, ఈ వైపు దళానికి ఆమే పెద్ద. ఒక సీసా మూత తీసి, చీటీ విప్పి చదివింది. ఊటబండ, అంకెలు, జూలై ఇరవై ఆరు, ఏరినది రాంచందర్.

"ఈ రాత ఎవలిది అక్కా?" అంది.

నాదే అన్నాను.

"పదమూడు రోజులకు అదే బండ కాడ మావాళ్ళు నలుగురు పోయిన్రు. ఈ అంకెలేంది?"

బుద్ధి ఉన్నది ఎవతైనా తెలియదని చెప్పేది. నేను సారు చెప్పిందే చెప్పాను. ఆకాశం నుంచి చూస్తే బండ యాడుందో చెప్పే అంకెలని. అనగానే జనమంతా తలెత్తి పైకి చూశారు. ఇద్దరు కుర్రాళ్ళు మా ఆయన మీద కర్రలు లేపారు. వీపు మీద, తొడల మీద, పాదాల మీద. ఆయన ముందుకు పడితే జుట్టు పట్టి లేపి మళ్ళీ కొట్టారు. నోట్లోంచి నెత్తురు బుడగలు వస్తున్నా ఒకటే మాట అన్నాడు. నత్తలే, నత్తలే, నత్తలే.

నా ముక్కు మీది కోపం నన్ను అప్పుడు కూడా వదల్లేదు. వాళ్ళ మధ్యలోకి పోయి, కర్రను పట్టుకుని ఆపి, దేవే మొహంలోకి చూసి అన్నాను.

"కలిపెయ్యి. ఈ సీసాలన్నీ నా చేటల పోసి కలిపెయ్యి. ఏ గుల్ల ఏ బండదో నేను చెప్త. ఒక్కటి తప్పినా అప్పుడు అడుగు మా ఆయన్ని."

దేవే ఒక్కో సీసానూ చేటలో వంచింది. చీటీలను దుప్పటి మీద పరిచింది. కర్రలు ఆగాయి. నేను నేల మీద కూర్చుని, కొప్పులోంచి కోడి ఈక తీశాను. పళ్ళులేని బోడినోటివి పులిగుండువి, అటు. బొడ్డు తెరిచినవి వాగు మొదటివి, ఇటు. మందపు అంచువి ఎండవాలువి. పొడుగాటి తొమ్మిది చుట్లవి గబ్బిలాల సందువి. దళం కుర్రాళ్ళు ఒకరి భుజం మీదుగా ఒకరు వంగి చూస్తున్నారు. ఒకడు ఒక గుల్లను దొంగచాటుగా వేరే కుప్పలోకి తోశాడు. వెంటనే తీసి వెనక్కి పెట్టాను. జనంలోంచి అబ్బా అన్నారెవరో. నేను గెలుస్తున్నాననే అనుకున్నాను.

ఊటబండవి ఏడూ ఆఖరికి వచ్చాయి. ఈకతో వాటిని లాగుతూ తలెత్తి మా ఆయన వైపు చూశాను. తెరిచి ఉన్న ఒక్క కంటితో నన్నే చూస్తున్నాడు. తల అటూ ఇటూ కదిలింది. దెబ్బలకు ఊగుతోందనుకున్నాను. ఏడింటినీ చేటలోనే ఊటబండ చీటీ వైపు చేర్చాను.

దేవే వంగి చూసింది. ఒక గుల్లను వేలి కొసకు అంటించుకుని వెలుగుకు పట్టి, చిన్నప్పటి గొంతుతో అడిగింది.

"ఇది ఊట కాడనే ఉంటదా అక్కా? ఇంకెక్కడా ఉండదా?"

"ఇంకెక్కడా ఉండదు" అన్నాను. ఇప్పుడు సిగ్గుపడి చెప్తున్నాను, గర్వంగానే అన్నాను.

"మా చెల్లె గూడ ఆడనే ఉండె" అంది దేవే. గోరింటాకు పిల్ల ఎవరో నాకు అప్పుడు తెలిసింది. "గుట్టల ప్రతి బండ ఎరుక మీకు. దేని కింద ఏముంటదో తేదీ ఏసి రాసుకున్రు. గింతంత నత్తను చూసినోళ్ళు మనుషులను చూడకుంట ఉంటరా?"

నేను చేటను దగ్గరికి లాక్కోబోయాను.

ఆమె చేటను కాలితో తన్నింది. గుల్లలు మట్టిలో పడ్డాయి, వాటి మీద బూట్లు పడ్డాయి. ఇద్దరు ఆడపిల్లలు నా చేతులు వెనక్కి విరిచి పట్టుకున్నారు. వాళ్ళలో ఒకతె ఏడుస్తోంది, పట్టు మాత్రం వదల్లేదు. మళ్ళీ కర్రలు. ఎముక విరిగితే ఎండుకట్టె విరిగినట్టు వినిపిస్తుందంటారు. అబద్ధం. తడిగా వినిపిస్తుంది. ఆయన ఎడమ చెయ్యి, ఆ పుర్రచెయ్యి, మోచేతి దగ్గర వెనక్కి తిరిగిపోయింది. నేను తిట్టాను, మొక్కాను, నా పేరు రాసుకోండి, నన్ను చంపండి అన్నాను. గొడ్డలి తెచ్చారు. ముందు మొద్దువైపు ఒకటి, తర్వాత అంచుతో మెడ మీద రెండు. మిట్టమధ్యాహ్నం, ఊరంతా చూస్తుండగా. ఆ కాళ్ళు చాలాసేపు మట్టిని తన్నుకున్నాయి. పోలీసు ఏజెంటు అని రాసిన కాగితం గుండె మీద పెట్టి, గాలికి ఎగరకుండా మా బట్టీ రాయే ఒకటి దాని మీద పెట్టిపోయారు.

మూడోనాడు నన్ను పోలీసు క్యాంపుకు పిలిపించారు. అక్కడి అధికారి చాయ్ ఇచ్చి, నా వాంగ్మూలమంటూ ఒక బయాన్ ముందే టైపు చేసి ఉంచాడు. రాంచందర్ మాకు సమాచారం ఇచ్చే మనిషి, దేశం కోసం పోయాడు అని ఉంది. సంతకం పెడితే శిరీషకు ఉద్యోగం వస్తుందన్నాడు. మీ మనిషి కాదు, సున్నం కాల్చే మనిషి అన్నాను. మావాడు కాకపోతే ఎందుకు చంపుతారు, నువ్వూ వాళ్ళ మనిషివేనా అన్నాడు. కాగితం చించి చాయ్‌లో వేశాను. అతను లేచి చెంప మీద కొట్టాడు. ఆ చెవి ఇప్పటికీ సరిగా వినపడదు. అడకత్తెరలో పోకచెక్కకు ఇటు అంచు, అటు అంచు అని తేడా ఏముంటుంది.

ఇంటికొచ్చి ఆ చేటను కొట్టంలోకి విసిరేశాను. కొత్తల పండుగ దాకా దాన్ని ముట్టలేదు. పండుగకు కొత్త వడ్లు దంచి చెరగాలి. శిరీష హాస్టల్ నుంచి వచ్చి ఉంది, బిడ్డ కోసమైనా పొయ్యి వెలిగించాలి. చేట పేడ ఊడి, ఈనెలు తేలి ఉంది. మళ్ళీ అలకబోతూ వెలుగుకు ఎత్తి చూశాను. ఈనెల సందులో తేనె రంగు చుక్క ఒకటి ఇరుక్కుని ఉంది. ఈకతో తీసి భూతద్దం కింద పెట్టాను. నోరు ఎడమ పక్కన. పళ్ళు మూడు, పైన రెండు, కింద ఒకటి.

మొదట బట్టీలో వెయ్యాలనుకున్నాను. నిప్పు దాకా తీసుకుపోయాను కూడా. తప్పు కుప్పలో పెట్టి ఉంటే, ఆ ఏడింటినీ ఎక్కడివో తెలియదని ఉంటే బతికేవాడా? ఆయన తల ఊపింది దానికేనా? రోజూ అడుగుతున్నాను, చెప్పేవాడు లేడు. ఆ గుల్లను చెంగున కట్టుకుని, పండుగ అయ్యాక శిరీషతో ఆవపల్లి పోయి సారుకు ఫోన్ చేశాను.

సారు బస్సు దిగి నా ఎదుట తలవంచుకుని నిలబడ్డాడు. సగం మనిషయ్యాడు. నేను ఏమీ అడగకుండానే ఒక సంగతి చెప్పాడు. తొలకరికి గుట్ట దిగి తిరిగిపోయేటప్పుడు దారి తనిఖీలో పోలీసులు ఆయన పుస్తకం తీసుకుని, ప్రతి పేజీకీ ఫోటో తీసుకున్నారట. ఆ పన్నెండు చోట్ల అంకెలూ అందులో ఉన్నాయట. నత్తల లెక్కే కదా, ఎవరికి పనికొస్తుంది అనుకున్నాడట. అప్పుడే మాకు చెప్పనందుకు బస్టాండులో అందరి ముందూ ఆయన చెంప పగలగొట్టాను. ఆయన చెయ్యి కూడా అడ్డం పెట్టుకోలేదు.

తర్వాత హోటల్ బల్ల దగ్గర కూర్చుని చెంగు ముడి విప్పాను. సారు గుల్లను చూస్తూ ఏడ్చాడు. కొత్త జాతే అన్నాడు. ఈలోగా ఊటబండను కొత్త క్యాంపు కోసం పేల్చేశారని, ఊట కూడా పూడిపోయిందని నేను చెప్పాను. అయితే ఇక దొరకదు, ఉన్నది ఇదొక్కటే. ఈ జాతికి ఆయన పేరే పెడతానక్కా, చీటీ మీద ఏరినది అన్న చోట మాత్రం నా పేరు రాస్తాను, ఆ చోట ఆయన పేరు మళ్ళీ రాయలేను అన్నాడు.

"జాతికి మీకు నచ్చిన పేరు పెట్టుకోండి సారూ" అన్నాను. "చీటీ మీద ఆయన పేరే ఉండాలె. ఒక కాగితం ఆయన గుండె మీద పెట్టిపోయిన్రు. ఒక కాగితం మీద నన్ను సంతకం పెట్టమన్నరు. రెండూ అబద్ధమే. ఆ దినం ఆ బండ కాడ ఆయన ఏం చేసిండో చెప్పేది ఇదొక్కటే. నూరేళ్ళకైనా అనుమానం వస్తే దీన్నే తీసి చూస్తరని మీరే అన్నరు గద?"

సారు పెన్సిలూ, వేలెడు కాగితమూ నా ముందు పెట్టాడు. శిరీష పక్కన కూర్చుని చూస్తోంది. అంకెలు నాకు నోటికే వచ్చు. ఊటబండ అని రాశాను, అంకెలు వేశాను, జూలై ఇరవై ఆరు అని రాశాను. తర్వాత ఏరినది: రాంచందర్. మొదటిసారి ఆ పేరు గెలిచానని రాశాను. ఈసారి చివరి అక్షరాల దగ్గర గీత పక్కకు జారింది. సారు ఇంకో కాగితం ఇవ్వబోతే వద్దన్నాను. చదవడానికి వస్తుంది, చాలు.